స్పీకరు దాకా రాని మాట

మా ల్యాబులో ఒక నియమం ఉంది. కంప్యూటరు చేసే శబ్దాన్ని రికార్డు చెయ్యాలంటే స్పీకరు ముందు మైకు పెట్టకూడదు. పెడితే ఫ్యాను గాలి, ఏసీ గురక, పక్క గదిలో ఎవరో తుమ్మిన తుమ్ము, అన్నీ అందులో వచ్చి కూర్చుంటాయి. శబ్దం ఇంకా గాలిలోకి రాకముందే, కంప్యూటరు లోపలే పట్టుకోవాలి. కుళాయి కింద బిందె పెట్టకుండా నేరుగా ట్యాంకులోంచి తోడుకున్నట్టు. ఆ నియమం పెట్టింది నేను. కాగితం మీద రాసి గోడకి అంటించింది నేను. కొత్తగా చేరినవాళ్ళు మైకు బయటికి తీస్తే చెయ్యి మీద కొట్టినంత పని చేసింది కూడా నేనే. అందుకే ఈ కథలో ఎవరినైనా చెప్పుతో కొట్టాలంటే ఆ వరసలో నన్నూ నిలబెట్టాలి. మొదట మాత్రం కాదు. నా ముందు ఇద్దరున్నారు.

నా పేరు మైలపల్లి రత్నం. విశాఖపట్నంలో ఒక చిన్న ల్యాబులో శబ్దాల ఇంజనీరుని. మా ఊరు నగరానికి దక్షిణంగా, పొగగొట్టాల మధ్య ఇరుక్కున్న బొడ్డుపేట. మా అన్న నూకరాజు ఆ ఊరి పక్కనే ఉన్న రసాయనాల ఫ్యాక్టరీలో పదిహేడేళ్ళు పనిచేశాడు. ఆ షిఫ్టుల మీదే నేను ఇంజనీరింగు చదివాను.

పోయిన నవంబరులో, పొద్దున్న షిఫ్టు మొదలైన గంటకి అక్కడ ఒక పెద్ద పీపా పేలింది. పేలుడికి అన్న చెవులు పోయాయి. ఆ తరవాత గ్యాసు వచ్చింది. అందరూ వెనక గేటు వైపు పరిగెత్తారు. దానికి తాళం వేసి ఉంది. కార్మికులు మాటిమాటికీ టీకి బయటికి పోతున్నారని షిఫ్టు మేనేజరు భార్గవ్ వారం ముందు వేయించిన తాళం. అన్న ఆ ఇనుప గేటు పట్టుకుని తాళంచెవి కోసం అరిచాడు. అంత గ్యాసులో నోరు మూసుకుని ఉంటే గొంతు దక్కేదేమోనని డాక్టర్లు తరవాత అన్నారు. అరిచాడు కాబట్టి కాలిపోయిందట. ఆ మాట అన్న డాక్టరు మీద నాకు ఇప్పటికీ కోపమే. సింహాద్రితో కలిపి నలుగురు ఆ గేటు దగ్గరే చచ్చిపోతుంటే మనిషి అరవక ఏం చేస్తాడు?

అన్నతో కలిపి పదకొండు మందికి చెవులతో పాటు మాట కూడా పోయింది. గొంతు నరాలు మాత్రం బతికే ఉన్నాయి. మా ల్యాబులో అప్పటికే ఒక పట్టీ తయారవుతోంది. మెడకి చుట్టుకుంటే, మనిషి మాట్లాడబోయినప్పుడు నరాల్లో పుట్టే కదలికని చదివి, పక్కనున్న చిన్న ల్యాప్‌టాప్‌లోంచి అతని పాత గొంతుతోనే ఆ మాట పలికిస్తుంది. అన్న పాత గొంతు నా ఫోనులో బోలెడుంది. "ఒలే, తిన్నావేటి" అని పంపిన వాయిస్ మెసేజీలు మూడొందల దాకా దాచుకున్నాను. వాటితోనే అతని గొంతు కట్టాం. ఈ పట్టీలు పదకొండు మందికీ ఇద్దామని మా డైరెక్టరు శేషాచలపతి గది ముందు కాళ్ళరిగేలా తిరిగింది నేనే. చివరికి ఆయన ఒప్పుకున్నాడు. ఖర్చు ఫ్యాక్టరీ పెట్టుకుంది. అప్పుడు నాకు అది న్యాయంగానే కనిపించింది. తగలబెట్టినవాడే మందు కొనివ్వాలి కదా అనుకున్నాను.

మార్చిలో పట్టీలు ఇచ్చాం. వారానికోసారి పదకొండు మందీ ల్యాబుకి వచ్చేవాళ్ళు. నేను కాగితం మీద ఇరవై వాక్యాలు ఇచ్చేదాన్ని. "ఈ రోజు బస్సు ఆలస్యంగా వచ్చింది", "మామిడికాయ పప్పు బాగా కుదిరింది", అలాంటివి. వాళ్ళు చదివేవాళ్ళు. పట్టీ పట్టుకున్న మాటని మా పద్ధతిలో, లోపలే, రికార్డు చేసి కాగితంతో సరిచూసేదాన్ని. నూటికి తొంభై ఏడు మాటలు సరిపోయేవి. రిపోర్టు రాసి కింద సంతకం పెట్టేదాన్ని.

జూన్‌లో విచారణ కమిషన్ కూర్చుంది. రిటైరైన జడ్జిగారు ఒక్కరే. పదకొండు మందీ పట్టీలు కట్టుకుని వెళ్ళి సాక్ష్యం చెప్పారు. ఆ రోజు నాకు ల్యాబులో వేరే పని ఉండి వెళ్ళలేదు. మర్నాడు పేపర్లో చిన్న వార్త వచ్చింది: "కార్మికుల సంయమనం. విచారణలో ఎవరినీ నిందించని బాధితులు." చదివి ఆశ్చర్యపోయాను. మా అన్న కోడి అరిస్తే కోడిని తిట్టే మనిషి. కష్టం మనిషిని మారుస్తుందిలే అని సరిపెట్టుకున్నాను. చదువుకున్నవాళ్ళం ఇలాంటి మాటలు అనుకోవడంలో ఆరితేరాం.

ఆగస్టు మొదటి ఆదివారం బొడ్డుపేట వెళ్ళాను. వదిన వరాలు గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"మీ అన్న మాట బంగారం అయిపోనాది రత్నమా. పనులు మాత్రం బాగోనేదు."

"ఏం చేశాడు?"

"నిన్న కంచం ఇసిరీసినాడు. గోడకి తగిలి సొట్ట పడిపోనాది. పెట్టెలోంచి మాటేటొచ్చిందనుకున్నావు? 'అన్నం కొంచెం చల్లారినట్టుంది, పర్వాలేదు' అని. నవ్వాపుకోనేక సచ్చిపోనాను. పక్కింటోలు కూడా వచ్చి నవ్వినారు. సదువుకున్నోడినాగ మాటాడతన్నాడని ఊరంతా అంతన్నారు."

"నోరు చూస్తే తెలీదా వదినా?"

"నోరు సూత్తే తిడతన్నట్టే ఉంతాది. మాట ఇంతే మంచిగుంతాది. నానే తప్పుగా సూత్తన్నానేమో అనుకుంతన్నాను. మిషన్ అబద్ధమాడదు కదేటి."

అన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల ఊపాడు. కుడి చేతి వేళ్ళు కాలి ఒకదానికొకటి అతుక్కుపోయాయి కాబట్టి రాయలేడు. మేమేం చెప్పాలన్నా పలక మీద రాసి చూపించాలి. పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుని చదువుతాడు. వదిన ఆ పలక తెచ్చి నాకిచ్చింది. శ్రీకాకుళంలో నర్సింగు చదువుతున్న వాళ్ళమ్మాయి భవానికి పుట్టినరోజట. నాన్న గొంతు పంపించమని అడిగిందట. "భవానికి ఒక మాట చెప్పు, రికార్డు చేస్తా" అని రాసి చూపించాను.

బయట లారీలు, కాకులు, ఎవరింట్లోనో టీవీ. మైకుతో లాభం లేదు. ల్యాబు పనిముట్లు ఇంటికి తీసుకెళ్ళను. అందుకని అన్న ల్యాప్‌టాప్‌లోనే ఒక సాఫ్ట్‌వేర్ వేశాను. పిల్లలు పాటలు దింపుకోడానికి వాడుకునే ఉచితం సరుకు. అందులో ఎక్కడినుంచి రికార్డు చెయ్యాలి అన్న చోట మైకు తీసేసి, కంప్యూటరు శబ్దం అని పెట్టాను. స్పీకరుకి ఏది పోతుందో అదే నేరుగా ఫైల్లోకి వస్తుంది. ఎర్ర బటన్ నొక్కి అన్నకి సైగ చేశాను.

అన్న నోరు కదిలింది. చాలాసేపు కదిలింది. మధ్యలో ఒకసారి పిడికిలితో అరుగు మీద గుద్దాడు. తరవాత స్పీకరులోంచి అతని గొంతు వచ్చింది. "భవానీ, అమ్మ సంతోషంగా ఉంది. నేను బాగున్నాను. బాగా చదువుకో తల్లీ." అంతే. నోరు ముందు కదలడం, మాట తరవాత రావడం మామూలే. ఆ ఆలస్యం సహజమని పదకొండు ఇళ్ళకీ వెళ్ళి చెప్పింది మేమే.

వదిన కళ్ళు తుడుచుకుంది. నేను ఫైలు చూశాను. ఏడు సెకన్లు. అతను మాట్లాడింది అర నిమిషం పైనే. ఈ ఉచితం సాఫ్ట్‌వేర్ మధ్యలో ఎక్కడో మింగేసిందనుకున్నాను. పట్టీ పట్టుకున్న ప్రతి మాటా ల్యాప్‌టాప్‌లో లోపల ఒక మూల నిలవ ఉంటుంది, నేను వారం వారం సరిచూసేది అదే. పోయిన ముక్క అందులోంచి తీసి అతుకుదామని దాన్ని తెరిచాను. ముప్ఫై నాలుగు సెకన్లు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను.

"భవానీ, మీయమ్మ నవ్వుతున్నాది. నాను ఏటి సెప్పినా నవ్వుతున్నాది. ఈ పెట్టెలోంచి ఏటొత్తందో నాకు తెల్దు. సింహాద్రి పెళ్ళాం పోలమ్మ నన్ను సూసి ఉమ్మేసి ఎల్లిపోతన్నాది. ఎందుకో తెల్దు. నాను భార్గవ్ గాడి పేరు సెప్పినాను తల్లీ. తాళం ఆడే ఏయించినాడని సెప్పినాను. జడ్జీ రాసుకోనేదు. కలం ఎత్తనేదు. నాను సెప్పినాను, ఒట్టు."

ఇయర్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాను. ఎదురుగా అన్న నా మొహంలోకే చూస్తున్నాడు, బాగా వచ్చిందా అన్నట్టు. నేను తల ఊపాను. ఊపినందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం. వదిన కాఫీ తాగి వెళ్ళమంటున్నా వినకుండా బస్సెక్కేశాను.

ఏం జరిగిందో బస్సులోనే అర్థమైంది. పట్టీకీ స్పీకరుకీ మధ్య ఏదో ఉంది. అదేమిటో కూడా నాకు తెలుసు. దాన్ని రాసింది నేనే.

రెండేళ్ళ క్రితం ఒక కాల్‌సెంటర్ కోసం మా ల్యాబు ఒక వస్తువు తయారుచేసింది. ఫోను చేసినవాళ్ళు తిట్టే బూతులు విని అక్కడి అమ్మాయిలు హెడ్‌ఫోన్లు తీసేసి బాత్రూముల్లో కూర్చుని ఏడ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయి నా రూమ్మేటు. ఆ పిల్ల కోసమే పట్టుబట్టి రాశాను. తిట్టేవాడి గొంతు గొంతులాగే ఉంటుంది, అందులోంచి కోపం పోతుంది. బూతులు పోతాయి. నింద పోయి ఇబ్బంది మిగులుతుంది. ఎవరి పేరైనా పెట్టి తిడితే ఆ పేరు కూడా పోతుంది, ఉద్యోగుల పేర్లు బయటికి రాకూడదని కంపెనీ అడిగింది. ల్యాబులో మేము దాన్ని ముద్దుగా "మెత్తన" అనేవాళ్ళం. దాన్ని తెచ్చి పట్టీ వెనకాల తగిలించారు. నేను ట్యాంకులో నీళ్ళు పరీక్షించి బాగున్నాయని సంతకం పెడుతూ వచ్చాను. కుళాయిలో ఏమొస్తోందో ఒక్కరోజు కూడా పట్టి చూడలేదు. పోనీ నేనిచ్చిన వాక్యాలైనా అన్నని ఎప్పుడూ తిట్టనివ్వలేదు. బస్సు ఆలస్యమైతే ఎవడికి కోపం వస్తుంది?

సోమవారం పొద్దున్న శేషాచలపతి గది తలుపు తోసుకుని వెళ్ళాను. అదే ఉచితం సాఫ్ట్‌వేర్‌తో రెండు ఫైళ్ళూ ఒకదాని కింద ఒకటి పరిచి చూపించాను. పైన ముప్ఫై నాలుగు సెకన్ల గీతలు, ఎగుడుదిగుడుగా, నిటారుగా లేచినవి. కింద ఏడు సెకన్లు, ఇస్త్రీ చేసినట్టు. రెండూ వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంట్లో ఎందుకు రికార్డు చేశారమ్మా? అనుమతి తీసుకోవాలి కదా."

"సార్, మెత్తన పట్టీలో ఎందుకుంది?"

"అది మొదటినుంచీ ఉంది. ఆన్‌లో ఉండిపోయింది."

"ఉండిపోయిందా, ఉంచారా?"

"చూడు రత్నం. వాళ్ళు దెబ్బతిన్న మనుషులు. ఇరవై నాలుగ్గంటలూ కోపంతో మాట్లాడితే ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు ఏమైపోతారు? ఇంట్లో వాతావరణం హాయిగా ఉండేలా చూడమని ఫ్యాక్టరీ వాళ్ళు కూడా సూచించారు. అందులో తప్పేముంది?"

"ఫ్యాక్టరీ వాళ్ళు సూచించారా?"

ఆయనకి తను అన్నదేమిటో అప్పుడు తెలిసింది. గొంతు తగ్గించాడు.

"విచారణలో మీ అన్నయ్య బూతులు తిట్టి ఉంటే జడ్జిగారు బయటికి పంపేసేవారు. ఒక రకంగా మనం కాపాడాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. కాపాడాడట. కాలిన గొంతులోంచి మాట తియ్యడానికి నేను మూడేళ్ళు రాత్రనక పగలనక పనిచేస్తే, ఆ మాట గుమ్మం దాటకముందే పీక నొక్కి, కాపాడానంటున్నాడు.

"జూన్‌లో వాళ్ళు చెప్పిన సాక్ష్యం అబద్ధం సార్. నేను కమిషన్‌కి రాస్తాను."

"ఏమని రాస్తావు? యంత్రం నూటికి తొంభై ఏడు పాళ్ళు నిజమే చెబుతుందని సంతకం పెట్టింది ఎవరు? నేనా?" ఆయన ఫైలు తీసి నా ముందుకి తోశాడు. పదకొండు పేజీలు. ప్రతి పేజీ కింద నా సంతకం. "రాస్తే ముందు పోయేది నువ్వు. ఆ తరవాత పట్టీలు వెనక్కి తీసుకుంటారు. మీ అన్నకి ఈ మెత్తటి మాట కూడా ఉండదు. వెళ్ళి ఆలోచించుకో."

ఆలోచించుకోవడానికి ఏమీ లేదు. ఆఖరి విచారణ ఆగస్టు ఇరవైన. ఆ తరవాత జడ్జిగారు నివేదిక రాసేస్తారు. అందులో తాళం ఎవరూ వెయ్యరు, నలుగురు వాళ్ళంతట వాళ్ళే చచ్చిపోతారు. ఇవన్నీ మా అన్న గొంతుతో చెప్పించి మరీ.

ఆ సాయంత్రమే మళ్ళీ బొడ్డుపేట వెళ్ళాను. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మెత్తన తీసేశాను. రెండు నిమిషాల పని, రాసింది నేనే కదా. తరవాత పలక మీద పెద్ద అక్షరాలతో రాశాను: "మిషన్ నీ మాట మార్చింది. నువ్వు చెప్పింది జడ్జికి వినపడలేదు."

అన్న పెదాలు కదుపుతూ చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. అప్పుడు నోరు కదిలింది.

"ఎవులు సేసినారు?"

గది దద్దరిల్లింది. వంటగదిలో వదిన చేతిలోంచి గరిట కింద పడింది. తొమ్మిది నెలల తరవాత మొగుడి సొంత మాట విన్నది ఆవిడ. వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"జడ్జీ ముందు నాను ఏటన్నానని వచ్చింది? సెప్పు."

జూన్‌లో స్పీకరులోంచి ఏం వచ్చిందో హాల్లో కూర్చున్న వదినకి గుర్తుంది. ఆవిడ చెబుతుంటే పలక చెరిపి చెరిపి రాశాను. "గేటు తెరవడంలో కొంత ఆలస్యం జరిగింది. అందువల్ల ఇబ్బంది కలిగింది. అందరి సహకారానికి ధన్యవాదాలు."

అన్న దాన్ని చదవడం చూడలేకపోయాను. "ధన్యవాదాలు" దగ్గర ఆగిపోయాడు. వేలు పెట్టి ఒక్కో అక్షరం మీద జరిపాడు.

"అందుకా పోలమ్మ ఉమ్మింది," అన్నాడు. "సింహాద్రి నా సేతిలో పోనాడు. నాను వాడి సావుకి ధన్యవాదాలు సెప్పినానేటి?"

ఇంకో మాట రాయాల్సి ఉంది. రాయకుండా తప్పించుకునే దారులు బస్సులో చాలా వెతికాను. చివరికి రాశాను: "అది తయారుచేసింది నేను. బాగుందని సంతకం పెట్టింది నేను. నాకు తెలీదు."

అతను చదివాడు. "నాకు తెలీదు" అన్నది చదివాడో లేదో నాకు తెలియదు. ఎడమ చేత్తో పట్టీ ఊడదీసి నేల మీద పెట్టి, లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. వదిన అక్కడే చతికిలబడింది.

"అయిదు నెలలు నవ్వినాను రత్నమా," అంది. "ఆడు లోపల ఏడత్తంటే, మాట బాగున్నాదని నవ్వినాను. మొగం సూసి కూడా మిషన్నే నమ్మినాను."

మిషన్ మాటే నమ్మమని వాళ్ళింటికి వెళ్ళి చెప్పింది నేను.

రెండు వారాలు అన్న పట్టీ ముట్టుకోలేదు, నా ఫోనుకి వదినే జవాబు చెప్పింది. ఇరవయ్యో తారీకున వస్తాడో రాడో కూడా తెలియదు. నేను మాత్రం కమిషన్‌కి నాలుగు పేజీలు రాసి పంపాను. ల్యాబు నన్ను ఆ మర్నాడే గేటు బయట నిలబెట్టింది.

విచారణకి సర్కారు వాళ్ళు ఒక కల్యాణమండపం తీసుకున్నారు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే వేదిక మీద బల్ల వేసి జడ్జిగారు కూర్చున్నారు. వెనకాల గోడ మీద ప్లాస్టిక్ పూల దండలు అలాగే ఉన్నాయి. ఒక పక్క గుమాస్తా టైపు చేస్తున్నాడు. ముందు వరసలో భార్గవ్, తెల్ల చొక్కా, చేతిలో నీళ్ళ సీసా. వాడి వెనక శేషాచలపతి. పదకొండు గంటలకి వదిన అన్నని తీసుకుని వచ్చింది. పట్టీ అతని మెడకి ఉంది, ల్యాప్‌టాప్ వదిన చేతిలో ఉంది. నా వైపు చూడలేదు. ఆడవాళ్ళ వైపు ఆఖరి కుర్చీలో సింహాద్రి భార్య పోలమ్మ, వాళ్ళిద్దరినీ చూసి మొహం తిప్పుకుంది.

నేను లేచి నా రిపోర్టులు తప్పని చెప్పాను. ఎందుకు తప్పో చెప్పాను. ఫ్యాక్టరీ లాయరు నవ్వుతూ లేచాడు.

"గేటుకి అసలు తాళమే లేదండి. ఈవిడ సాక్షి చెల్లెలు. శబ్దాలు మార్చడంలో నిపుణురాలు. ఇంట్లో కూర్చుని రెండు ఫైళ్ళు తయారుచేసుకు వచ్చారు. తన సంతకం అబద్ధమని తనే చెబుతున్న మనిషిని ఎలా నమ్మమంటారు?"

"అయితే ఫైళ్ళు వద్దండి," అన్నాను. "ఇక్కడే, మీ ముందే రికార్డు చేస్తాను. మెత్తన మళ్ళీ ఆన్ చేస్తాను. పట్టీ ఏం పట్టుకుందో ఒక వరస, స్పీకరుకి ఏం పోయిందో ఇంకో వరస. రెండూ ఒకేసారి."

జడ్జిగారు లాయరుని కూర్చోమన్నారు. పెద్దాయన, చెవి వెనక మిషన్ పెట్టుకుని ఉన్నారు. "కానివ్వమ్మా," అన్నారు.

మెత్తన ఆన్ చేసి, ల్యాప్‌టాప్ తెర అందరికీ కనిపించేలా తిప్పి ఎర్ర బటన్ నొక్కాను. పలక మీద రాసి అన్నకి చూపించాను: "గేటుకి తాళం లేదని లాయరు అంటున్నాడు."

అతను చదివాడు. మెడ నరాలు పట్టీ కింద ఉబ్బాయి. నోరు కదలడం మొదలైంది. తెర మీద పై వరసలో గీతలు నిటారుగా లేచాయి. కింది వరస ఖాళీ. పై వరస నిండుతూనే ఉంది. హాలంతా తెర వైపే చూస్తోంది. చివరికి స్పీకరు పలికింది, అన్న గొంతుతో, వినయంగా: "లాయరు గారి అభిప్రాయంతో నాకు కొంచెం ఇబ్బందిగా ఉంది. ధన్యవాదాలు."

కింది వరసలో చిన్న గీత పడింది. ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడు పైది వినండి," అన్నాను.

"తాళం నేదేటి? దొంగనాయాలా, తాళం నేదేటి? భార్గవ్ గాడు ఏయించినాడు. సెవి ఆడి జేబులో ఉన్నాది, నాను సూసినాను. అద్దం ఎనకాల నిల్సుని సూత్తన్నాడు. సెవి ఇసరరా అనీసి అరిసినాను. నా పీక కాలిపోయిందాకా అరిసినాను. ఆడు ఎనక్కి తిరిగి పోనాడు."

పోలమ్మ కుర్చీలోంచి లేచింది. అన్న ముందుకి వచ్చి నిలబడింది. అతనికేమీ వినపడదు కాబట్టి, ఆవిడ ఎందుకు వచ్చిందో తెలియక భయపడ్డట్టు చూశాడు. ఆవిడ రెండు చేతులూ జోడించింది. లాయరు అభ్యంతరం అంటున్నాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆపి, "ఆ మధ్యలో ఉన్నది తీసెయ్యి తల్లీ, అతన్ని మళ్ళీ మొదటినుంచి చెప్పనీ," అన్నారు.

తీసేశాను. రికార్డు మాత్రం ఆపలేదు.

అన్న చెప్పాడు. ఇరవై నిమిషాలు చెప్పాడు. పీపా లీకవుతోందని మూడు రోజుల ముందు ఎవరికి చెప్పాడో, ఎవరు నవ్వారో, సింహాద్రి ఆఖరికి ఏమన్నాడో చెప్పాడు. చచ్చిపోయిన నలుగురి ఇంటిపేర్లతో సహా చెప్పాడు. మధ్యమధ్య బూతులు వచ్చాయి. స్పీకరు పగిలిపోతుందా అన్నంత గట్టిగా వచ్చాయి. భార్గవ్ నీళ్ళు తాగడం మానేసి నేల చూస్తున్నాడు. ఒకచోట జడ్జిగారు నా వైపు వంగారు.

"కొంచెం మెల్లగా, మర్యాదగా చెప్పమని రాసి చూపిస్తావా అమ్మా?"

"రాయనండి," అన్నాను.

ఆయన నన్ను చూశారు. తరవాత చెవి వెనక మిషన్ కొంచెం తగ్గించుకుని, చేత్తో సైగ చేశారు, కానివ్వమని.

చివరికి అన్న అలిసిపోయి రొప్పుతున్నాడు. అయిపోయిందనుకుని నేను రికార్డు ఆపబోయాను. అప్పుడు అతను నా వైపు తిరిగాడు. రెండు వారాల తరవాత మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు.

"ఇంకో పేరున్నాది. భార్గవ్ గాడు నా గొంతు కాల్చినాడు. మిగిలింది మా సెల్లి కోసీసింది. మైలపల్లి రత్నం. నాను సదివించినాను దాన్ని. నా మెడకి కట్టీముందు ఒక్కసారి బయట నిల్సుని ఇన్నేదు. సంతకం ఎట్టీసింది. దాని పేరు కూడా రాసుకోండి."

గుమాస్తా టైపు చెయ్యడం ఆపి జడ్జిగారి వైపు చూశాడు. జడ్జిగారు నా వైపు చూశారు. మా వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. శేషాచలపతి మొహంలో కొంచెం తేలిక కనిపించింది నాకు.

మెత్తన ఆన్‌లో ఉంటే ఆ పేరు పోయి ఉండేది. నేను రాసిన ప్రోగ్రామే నన్ను తీసేసి ఉండేది. తెర మీద గీతలు ఇంకా కదులుతున్నాయి, ఆ పేరు రెండు వరసల్లోనూ ఒకే పొడుగున, ఒకే ఎత్తున పడింది.

"రాసుకోండి," అన్నాను గుమాస్తాతో. "మైలపల్లి రత్నం. ఇంటిపేరు కూడా వెయ్యండి, మా ఊళ్ళో రత్నాలు ఇంకా ఉన్నారు."